మల్లెపందిరి సాలీడు



శ్రావణమాసములో నొకనాటి యుదయమున మా చిన్నమ్మాయి మెడపై ఎర్రని చార తేలి పొక్కులు లేచెను. పిల్ల మంటకోర్వలేక యేడ్చుచుండెను. అప్పుడే పెరటి మల్లెపందిరికడ మేమెన్నడు నెరుగని పెద్ద సాలీడొకటి కనబడెను. “ఇది ప్రాకియే పిల్లకు పొక్కినది” అని మా యత్తగారు నిశ్చయించిరి. పనిమనిషి చీపురెత్తినది. ఒక్క క్షణమాగుమని నేను దగ్గరకు పోయి చూచితిని.

గుండ్రని గూటి నడుమ నది తలక్రిందుగా నుండెను. పొట్టపై పసుపు, గోధుమవన్నెల యడ్డుచారలు. కాళ్లు నాలుగే యని తోచును గాని, రెండేసి జతగూర్చి చాచిన యెనిమిది కాళ్లవి. కాళ్లకొనల సూటిని తెల్లని దారముతో వంకరటింకరగా కుట్టినట్టి పట్టీలు గూటిపై గుణకారపు గుర్తువలె నుండెను. ఈ గుర్తే దాని యానవాలు.

మా వారు పాఠశాలనుండి తెచ్చిన జంతుశాస్త్ర గ్రంథములో వెదకగా, నిది ‘ఆర్జియోపి’ యను తెగలోనిదని తెలిసెను. ఆ కుట్టునుబట్టి యింగ్లీషువారు దీనిని ‘సంతకపు సాలీడు’ అందురు. మన దేశమున కానవచ్చు నిందలి యొక జాతికి 1887లో టోరెల్ అను స్వీడనుదేశపు పండితుడు పేరిడెను. ఆ కుట్టు పురుగుల నాకర్షించుటకని కొందరు, పక్షులు గూటిని చీల్చకుండ హెచ్చరించుటకని కొందరు శాస్త్రజ్ఞులు వాదింతురు. నడుమ కూర్చున్న పెద్దది ఆడుది. మగది మిక్కిలి చిన్నదై గూటి యంచున నొదిగియుండును. పురుగులను చంపుటకు దీనికి విషము కలదు గాని, మనుష్యులకు ప్రమాదము చేయునంతటిది కాదు. పట్టి నలిపిననే గాని సాధారణముగ కరవదు.

మరి పిల్ల మెడ మాట? వైద్యునికి చూపగా, “రాత్రి దీపముక్రింద చదువుకొన్నదా?” యని యడిగెను. అవునంటిమి. వానకాలమున దీపములకడ మూగు నొక సన్నని పురుగు కలదు. పొడవు అర అంగుళమునకు లోపు. దేహముపై నలుపు, నారింజ వన్నెల పట్టీలు. అది కుట్టదు, కరవదు. మెడపై వ్రాలినప్పుడు చేత నలిపినచో, దాని రసము సోకి మరునాటికి చర్మము పొక్కును. కావున దానిని నలుపక ఊది తోలి, వెంటనే సబ్బుతో కడుగవలెను. కంట బడనీయరాదు.

సాలీడు శివుని గొలిచి ముక్తిపొందిన శ్రీకాళహస్తి కథ మన మెల్లర మెరుగుదుము. అట్టి మనము చూడకయే దానిపై నేరము మోపినచో, ఆ పాపమటుండగా, అసలు పురుగు దీపముకడనే నిలిచి రేపు మరల బిడ్డను బాధించును గదా!

పిల్లకు వారము దినములలో నెమ్మదించినది. ఇప్పుడు మా యత్తగారు మల్లెలు కోయునప్పుడు ఆ మూల కొమ్మ నొకదానిని విడిచిపెట్టుచున్నారు.