లారీ గుండెకు కరెంటు విసనకర్ర

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం జిల్లాలో మనుషులు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉంటారు. కుక్కలు కుళాయి కింది తడి వెతుక్కుంటాయి. సెలవు లేనిది లారీలకే. గుత్తి నుంచి అనంతపురం, పెనుకొండల మీదుగా కర్ణాటక సరిహద్దు దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద (పెద్దవాళ్ల నోట అది ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డే!) ఆ వేళప్పుడు వెళ్లి చూడండి. వేపచెట్టు కింద ఓ బండి ఆగి ఉంటుంది. ముందు నుంచి ఆవిరి. పక్కనే ఖాళీ డబ్బాతో నీళ్ల కోసం అటూ ఇటూ చూస్తున్న క్లీనరు కుర్రాడు.

‘బండి హీటెక్కింది’ అంటారు అంతా. ముక్క చిన్నదే. దాని వెనకున్న లెక్క మాత్రం చిన్నది కాదు. ఆ బండిలో టమాటా ఉందనుకోండి. పొద్దున్నే కక్కలపల్లి మార్కెట్టుకు చేరాల్సిన సరుకు పది గంటలకు చేరితే ధర వేరు. అసలు చేరకపోతే రోడ్డు పక్కన పారబోయడమే. ఆ పూటతో పోతే ఫర్వాలేదు. సూది ఎర్రగీత దాటాక కూడా ‘ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా’ అని లాగించేస్తే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. ఒకే బండి, దాని మీదే కంతులు, ఆ కంతుల మీదే పిల్లల ఫీజులు... అలాంటి ఇంట్లో ఇంజిన్ విప్పాల్సి రావడమంటే వేరుశెనగ పంట ఎండిపోవడంతో సమానం.

అందుకే ఎండాకాలం ముందు షెడ్లలో ఓ ప్రశ్న వినిపిస్తూ ఉంటుంది. ‘అన్నా, ఈ బెల్టు ఫ్యాను పీకేసి కారుది కరెంటు ఫ్యాను బిగిస్తే ఎట్టుంటాది?’ పాత కార్ల నుంచి విప్పిన ఫ్యాన్లు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి, బెంగళూరు జేసీ రోడ్డులో కొత్తవీ దొరుకుతాయి. బిగించడం ఒక పూట పని. మరి బిగించొచ్చా? అవుననీ కాదనీ ఒక్క ముక్కలో చెప్పేస్తే ఈ వారం శీర్షిక ఇక్కడితో అయిపోతుంది కానీ, బండి ముందుకు కదలదు.

ముందు అసలు ఫ్యాను ఏం చేస్తుందో చూద్దాం. డీజిల్‌లో ఉన్న శక్తిని వంద రూపాయలనుకుంటే, మంచి లారీ ఇంజిన్ అందులో సుమారుగా ముప్పై అయిదు నలభై రూపాయల పని చేస్తుంది. మిగతాదంతా వేడే. కొంత సైలెన్సర్ గుండా పొగతో పోతుంది, కొంత ఇంజిన్ గోడల్లోకి ఎక్కుతుంది. ఆ గోడల చుట్టూ నీళ్లు తిరుగుతుంటాయి. కాగిన నీళ్లు రేడియేటర్‌లోకి వచ్చి, సన్నటి గొట్టాల్లో దిగుతూ, గాలి తగిలి చల్లబడి మళ్లీ లోపలికి పోతాయి. మనం కాఫీని రెండు గ్లాసుల మధ్య ఎత్తి పోసి తిప్పుతాం చూడండి, ఇదీ అదే పని. గాలి తగలాలి, అంతే.

బండి అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి దానంతటదే వస్తుంది. ఫ్యానుతో పని అంతగా ఉండదు. ఘాట్ ఎక్కేటప్పుడు, టోల్‌గేటు వరసలో, మార్కెట్టు సందులో... అక్కడ కావాలి ఫ్యాను. పాతకాలపు బెల్టు ఫ్యానుతో చిక్కు ఇక్కడే. అది ఇంజిన్‌తో పాటు తిరుగుతుంది. బండి నిలబడి ఇంజిన్ నెమ్మదిగా ఆడుతుంటే ఫ్యానూ నెమ్మదిస్తుంది. హైవే మీద అవసరం లేనప్పుడేమో హోరెత్తి తిరుగుతుంది. పైగా ఫ్యానుకో గుణం ఉంది. వేగం రెట్టింపైతే అది లాక్కునే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు! పన్నెండొందల చుట్ల దగ్గర ఒక గుర్రం బలం తింటోందనుకుంటే, ఇరవై నాలుగొందల దగ్గర ఎనిమిది గుర్రాలు తింటుంది. ఆ గుర్రాలకు దాణా మన డీజిలే.

కరెంటు ఫ్యానుకు ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. నీళ్లు కాగితే తిరుగుతుంది, చల్లారితే ఆగుతుంది. అందుకే కార్లు చాలావరకు ఎప్పుడో దీనికి మారిపోయాయి. పాత పికప్పు, చిన్న డెలివరీ బండి లాంటి పన్నెండు వోల్టుల వాహనాలకు, ఊళ్లో ఎక్కువగా ఆగుతూ సాగుతూ తిరిగేవాటికి ఇది పనికొచ్చే మార్పే. ఇందులో నాకు సందేహం లేదు.

పది చక్రాల లారీకి మాత్రం వద్దు. తాడిపత్రి బండలో, సిమెంటో నింపుకుని గడ్డ ఎక్కే లారీ ఇంజిన్ రేడియేటర్‌లోకి వదిలే వేడి పదుల కిలోవాట్లలో ఉంటుంది. కారు ఫ్యాను తాటాకు విసనకర్ర అయితే దానికి కావాల్సింది తూర్పారబట్టే గాలి. ఒకటి కాదు, రెండు బిగించినా చాలదు. పెద్ద బండ్లకు తయారీదారులు వేరే ఉపాయం పెట్టారు. ఫ్యాను మధ్యలో జిగురులాంటి సిలికాన్ నూనెతో పనిచేసే క్లచ్ ఉంటుంది. వేడి గాలి తగిలితే నూనె పట్టు బిగించి ఫ్యాన్ని తిప్పుతుంది, చల్లబడితే వదిలేస్తుంది. పెద్ద లారీ హీటెక్కుతుంటే ఫ్యాను మార్చడం గురించి కాదు, ఆ క్లచ్ పట్టు సడలిందేమో చూడటం గురించి ఆలోచించాలి. ఇంజిన్ బాగా వేడి మీద ఉన్నా ఫ్యాను హోరు పెరగకపోతే అనుమానం దాని మీదే. ఇంజిన్‌ను చూశాకే, ఆపాక మాత్రమే చెయ్యి పెట్టాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఫ్యాను మీద ఇంజిన్ కంప్యూటర్ పెత్తనం కూడా ఉంది. అలాంటివాటిలో ఫ్యాన్ని మనిష్టానికి మార్చడం తేనెతుట్టెలో చెయ్యి పెట్టడమే.

ఇంకో ముచ్చట. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఇరవై నాలుగు వోల్టులు ఇస్తారు. పన్నెండు వోల్టుల కారు ఫ్యాను చేతిలో ఉందని ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగేవాళ్లున్నారు. పాటల డెక్కుకి అలా లాగితే ఏదో నడిచిపోయేది. ఫ్యాను అలా ఊరుకోదు. కాడెద్దుల్లో ఒకదాని మీదే బరువంతా వేసినట్టు ఓ బ్యాటరీ నీరసపడుతుంది. ఆల్టర్నేటరు రెండిటికీ కలిపి ఒకే కొలత పోస్తుంది కాబట్టి రెండోది అజీర్తి చేసి ఉడుకుతుంది. చివరికి రెండూ చెత్తకే.

సరే, చిన్న బండికి బిగిద్దామనుకున్నాం. ఎక్కువ మంది ఫ్యాను కొని సంబరపడి, తీగ దగ్గర పిసినారితనం చూపిస్తారు. కొంప ముంచేది అదే. మూడొందల వాట్ల ఫ్యాను పన్నెండు వోల్టుల మీద ఇరవై అయిదు ఆంపియర్లు లాగుతుంది. అంటే రాత్రిపూట వెలిగే హెడ్‌లైట్లు అయిదు ఒకేసారి వేసినంత! మొదలయ్యే క్షణంలో అంతకు రెండింతలు, మూడింతలు కూడా గుంజుతుంది. దానికి హారన్ తీగలాంటి సన్నటిది వాడితే అది వేడెక్కి, పైతొడుగు కరిగి, డీజిల్ గొట్టం పక్కనే నిప్పు రాజుకుంటుంది. నాలుగు నుంచి ఆరు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, నలభై ఆంపియర్ల రిలే, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు... ఈ మూడింటి దగ్గర బేరాలొద్దు. డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా నేరుగా ఇవ్వకూడదు. ఆల్టర్నేటరు ఇంత బరువు మోయగలదో లేదో ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. లేదంటే ఇంజిన్ చల్లగా ఉంటుంది, పొద్దున బండి మాత్రం స్టార్టవదు.

వేడిని పసిగట్టి ఫ్యాన్ని వేసే స్విచ్చు ఎంత దగ్గర పెట్టాలన్నదీ ముఖ్యమే. ఇంజిన్‌లో నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ ఎనభై రెండు డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందనుకోండి, ఫ్యాను తొంభై రెండు దగ్గర మొదలై ఎనభై ఏడు దగ్గర ఆగితే సరిపోతుంది. ఎనభైకే వేసేలా పెడితే? ఇంజిన్ అంత చల్లబడదు, ఫ్యాను ఎప్పటికీ ఆగదు.

ఫ్యాను రేడియేటర్ వెనక, అంటే ఇంజిన్ వైపు ఉండి గాలిని లోపలికి లాగాలి. చుట్టూ రేకు తొడుగు ఉండాలి. లేకపోతే ఫ్యాను ఎదురుగా ఉన్న గుండ్రటి ముక్క మాత్రమే చల్లబడుతుంది. తీగలు తారుమారైతే ఫ్యాను ఎదురు తిరిగి, వచ్చే గాలిని బయటికి నెడుతుంది. బిగించాక రేడియేటర్ ముందు ఓ కాగితం పెట్టి చూడండి. అతుక్కుంటే సరి. ఎగిరిపోతే తీగలు మార్చాలి. ఇక ప్లాస్టిక్ పట్టీలను రేడియేటర్ రెక్కల్లోంచి దూర్చి ఫ్యాన్ని వేలాడదీసే పద్ధతి ఒకటుంది. చూడ్డానికి సులువు. మన రోడ్ల కుదుపులకు ఆ పట్టీలే గొట్టాలను రాపాడి చిల్లు పెడతాయి. ఇనుప క్లాంపులే గతి.

ఇంత చేశాకా హీటెక్కితే? అప్పుడు తప్పు ఫ్యానుది కాకపోవచ్చు. జ్వరానికి మందేశాం, జబ్బు అలాగే ఉంది. అనంతపురం సీమలో ఆ జబ్బుకు రెండు పేర్లున్నాయి. పొట్టు, నీళ్లు.

మన పల్లెల్లో ఉలవలో, కొర్రలో కోశాక తారురోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కుతూ పోతే నూర్పిడి అయిపోతుంది. రైతును తప్పుపట్టలేం, కళ్లం చేసుకునే స్థోమతా మనుషులూ తక్కువైన రోజులివి. కానీ ఆ పొట్టంతా ఎగిరి రేడియేటర్ రెక్కల్లో మెత్తగా కూరుకుంటుంది. దాని మీద దుమ్ము, దాని మీద నూనె జిడ్డు. ఇక ఏ ఫ్యాను పెట్టినా గోనెపట్టా కప్పుకుని విసురుకున్నట్టే. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో నీళ్లు కొట్టి కడగాలి. సర్వీసింగ్ గన్‌తో దగ్గరి నుంచి కొడితే రెక్కలు వాలిపోతాయి.

నీళ్ల సంగతి మనకు ఇంకా బాగా తెలుసు. ఏడాదికి సగటున అయిదొందల యాభై మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. బోర్లు లోతుకు పోయేకొద్దీ ఉప్పదనం ఎక్కువ. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది కదా... రేడియేటర్ గొట్టాల్లోనూ, ఇంజిన్ లోపలి గోడల మీదా అదే కడుతుంది. సున్నం పెచ్చు వేడిని దాటనివ్వదు. బయట ఎంత గాలి విసిరినా లోపలి వేడి నీళ్లలోకి రాదు. శుద్ధి చేసిన నీళ్లూ కూలెంటూ చెరిసగం కలిపి పోస్తే పెచ్చు కట్టదు, తుప్పు పట్టదు, మరిగే వేడి కూడా కాస్త పెరుగుతుంది. రోడ్డు పక్క బోరు నీళ్లు ఆపద్ధర్మానికి పోసినా, ఇంటికి చేరాక తీసేసి కడిగి సరైనవి పోయాలి.

హీటెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు ఒకటుంది. దాంతో ఇంజిన్ ఎప్పుడూ అరచల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలో ఇంజిన్‌లోకే తిరుగుతాయి. హీటు తగ్గకపోగా పెరుగుతుంది!

ఇక మన గాలి. జూన్, జులైల్లో పడమటి గాలి ఎలా వీస్తుందో రామగిరి గుట్టల మీది గాలిమరల్ని చూసినవాళ్లకు తెలుసు. బళ్లారి వైపు నుంచి లోడుతో తూర్పుకు వచ్చే బండికి అది వెన్నుగాలి. తోస్తుంది కదా మంచిదేనంటారా? గడ్డ మీద బండి ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే, వెనక గాలీ అంతే ఉంటే, రేడియేటర్‌కు ఎదురొచ్చే గాలి సున్నా. అప్పుడు ఫ్యాను ఒక్కటే దిక్కు.

బండి హీటెక్కి ఆగిపోతే ఇంట్లోవాళ్లు కూడా తెలుసుకోవాల్సినది ఒకటుంది. రేడియేటర్ మూత ప్రెజర్ కుక్కర్ వెయిట్ లాంటిది. లోపల నీళ్లు వంద డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటాయి. మూత తిప్పిన మరుక్షణం అదంతా ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతుంది. గుడ్డ కప్పి తిప్పినా ప్రమాదమే. కనీసం అరగంట ఆగాలి. చల్లబడ్డాకే నీళ్లు, అవీ కొంచెం కొంచెంగా. కాగిన ఇనుము మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది.

ఇంతసేపూ ఇంజిన్ చల్లదనం గురించే మాట్లాడుకున్నాం. దాని పక్కనే కూర్చుని నడిపే మనిషి మాటో? మన దేశంలో పెద్ద, మధ్యతరహా లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన వాటికే. రోడ్డు మీదున్న పాత బండ్లలో చాలావాటిలో డ్రైవరన్నకు ఇప్పటికీ మెడలో తడి తువ్వాలే ఏసీ. ఆ పాత బండికి సొంతంగా ఏసీ పెట్టించాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏసీ కండెన్సర్‌ను మామూలుగా రేడియేటర్ ముందే బిగిస్తారు. అది వదిలే వేడంతా రేడియేటర్ మీదికే వస్తుంది. అప్పుడు కండెన్సర్‌కు విడిగా ఓ కరెంటు ఫ్యాను ఉండాల్సిందే. పెద్ద లారీలో కరెంటు ఫ్యానుకు న్యాయమైన చోటు అది.

ఒకవేళ మీ ఇంటి ముందు ఆగే పికప్పుకు ఈ మార్పు చేయించారనుకోండి, పిల్లలకు ముందే చెప్పిపెట్టండి. బెల్టు ఫ్యాను ఇంజిన్ ఆపితే ఆగిపోయేది. కరెంటు ఫ్యానుకు ఆ మర్యాద తెలియదు. తీగ నేరుగా బ్యాటరీ నుంచి వచ్చుంటే, బండి ఆపి తాళం చెవి జేబులో వేసుకున్నా, లోపలి వేడికి స్విచ్చు కలిసి ఉన్నట్టుండి గిర్రున తిరగొచ్చు. బ్యాటరీ తీగ విప్పేదాకా దాని దగ్గర వేలు పెట్టకూడదు.