ఆకాశం సరే, రోడ్డు కనిపిస్తుందా?

మన ఇళ్లల్లో కారు కొనే తతంగం ఎప్పుడైనా గమనించారా? బియ్యం కొనాలంటే గుప్పెడు చేతిలోకి తీసుకుని, వాసన చూసి, నూకెంతుందో లెక్కగట్టేది ఇల్లాలే. పప్పు పుచ్చిందో లేదో చెప్పేదీ ఆవిడే. అదే పది లక్షల కారు దగ్గరికి వచ్చేసరికి ఆవిణ్ణి మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, చేతికో కూల్‌డ్రింకు ఇచ్చి, "మేడం, కలర్ మీరు సెలెక్ట్ చెయ్యండి" అంటారు. మిగతాదంతా మగవాళ్లు మాట్లాడుకుంటారు. ఎన్ని సీసీలు, ఎంత పికప్పు, ఎన్ని అంగుళాల తెర! తీరా చూస్తే ఆ తర్వాత పదేళ్లపాటు ఆ కారు వెనక సీట్లో పిల్లల్ని పెట్టుకుని కూర్చునేది ఆ రంగు చెప్పిన మనిషే.

ఈ పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. నేననేది ఒక్కటే మాట. షోరూములో దీపాల కింద మెరిసిపోయే సాయంత్రాన్ని చూసి కారు కొనకూడదు. ఏడాది మొత్తంలో అన్నిటికన్నా చెడ్డ పొద్దు ఏదో, ఆ పొద్దుని తలుచుకుని కొనాలి. మా వైపు ఆ పొద్దు చలికాలంలో వస్తుంది.

"చలికాలమా? మనకా? ఇదేమన్నా కాశ్మీరమా?" అని నవ్వకండి. మాది చేవెళ్ల. ఏ పనికి నగరానికి పోవాలన్నా మొయినాబాద్ మీదుగానే పోవాలి. ఆ దారికి ఒక వైపు గండిపేట, మరో వైపు హిమాయత్ సాగర్. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక కట్టిన జలాశయాలవి. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్లు చెడకుండా 1996లో 111 జీవో తెచ్చి చుట్టుపక్కల కట్టడాలకి హద్దు పెట్టారు. అందుచేత ఇప్పటికీ ఈ వైపు తడి పొలాలూ పూలతోటలూ కూరగాయల మళ్లూ మిగిలి ఉన్నాయి. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు ఆకాశం తేటగా ఉండి నేల గబగబా చల్లారిందంటే, తెల్లారేసరికి ఆ తడంతా పొగమంచై రోడ్డు మీద పరుచుకుంటుంది. రోడ్డుకి రెండు పక్కలా మహావృక్షాల్లాంటి మర్రిచెట్లు. ఎండాకాలం తల్లిలా నీడనిచ్చే ఆ చెట్లే మంచు పొద్దున మొదలు దాకా వచ్చేవరకూ కనిపించవు. నాకు టమాటాలు అమ్మే అవ్వ ఒక్క ముక్కలో చెప్పింది: "మంచు పడ్డనాడు బండి ఇనబడుడే గని అగుపడదమ్మా!"

ఈ రోడ్డు సంగతి పేపర్లు చదివేవాళ్లకి తెలియనిది కాదు. 2024 డిసెంబరు 2న ఆలూరు దగ్గర, రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చి ప్రాణాలు తీసింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని కంకర టిప్పరు ఢీకొని 19 మంది పోయారు. ఇవి మంచు వల్ల జరిగాయని నేననడం లేదు. మీర్జాగూడ దగ్గర అప్పటికి రెండు వరసల రోడ్డే, నడుమ గట్టు కూడా లేదు. అలాంటి రోడ్డు మీద ఎవరు పొరపాటు చేసినా సర్దుకునేందుకు జాగా ఉండదు. దానికి తోడు పది గజాల అవతల ఏముందో కనిపించకపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు షోరూము సంగతి. మేమూ వెళ్లాం ఒక చోటికి. అబ్బాయి మర్యాదస్తుడే.

"వెనక అద్దం మీద మంచు పోగొట్టే తీగలున్నాయా బాబూ?" అన్నాను.

"డిఫాగరా? అది టాప్ మోడల్లో వస్తుంది మేడం."

"వెనక వైపరు?"

"అదీ టాప్ మోడల్లోనే."

"పొగమంచు దీపాలు?"

నవ్వాడు పాపం. ఆ నవ్వే జవాబు.

"మరి ఈ మధ్య మోడల్లో ఏముంది నాయనా?"

"సన్‌రూఫ్ మేడం!" అన్నాడు, వెయ్యి దీపాలు వెలిగినట్టు.

అదండీ సంగతి! మార్చి నుంచి జూన్ దాకా నెత్తి మాడిపోయే దేశంలో నెత్తి మీద కిటికీ. అది తెరిచేది ఎందుకంటే, నడుస్తున్న బండిలోంచి పిల్లలు తల బయటపెట్టి చేతులూపడానికి! చూసిన తల్లి గుండె ఆగిపోవాలి గాని, ఫోటోలు తీస్తున్నారు. వెనక నుంచి వచ్చే లారీ కనిపించాలంటే మటుకు ఇంకో లక్షో, లక్షన్నరో పెట్టాలట. ఆకాశం చూడటం చవక, రోడ్డు చూడటం ఖరీదు అన్నమాట. ఇదెక్కడి బేరం?

వెనక అద్దం ఎందుకంత ముఖ్యమంటారా? చలి పొద్దున కారులో నలుగురు కూర్చుని తలుపులు బిగిస్తే, మన ఊపిరిలోని తడి వెళ్లి చల్లటి అద్దానికి పడుతుంది. చీర కొంగుతో తుడుస్తాం. నిమిషంలో మళ్లీ మామూలే. ఏసీ వేసి, వేడి వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెడితే ముందు అద్దం తేటపడుతుంది. ఏసీ గాల్లోని తడిని లాగేస్తుంది కాబట్టి. ఆ గాలి వెనక అద్దం దాకా సరిగ్గా చేరదు. దానికి ఆ సన్నటి తీగలే గతి. ఇదేమన్నా విలాసమా, చెప్పండి!

ఇక ప్రభుత్వం వారి నియమాలు చూద్దాం. మా వీధిలో ఏ.పి. నంబరు కారొకటి, టి.ఎస్. నంబరుది ఒకటి, టి.జి. నంబరుది ఒకటి వరసగా నిలబడి ఉంటాయి. 2014లో రాష్ట్రం వేరుపడ్డాక టి.ఎస్. వచ్చింది, 2024 మార్చిలో అది టి.జి. అయింది. కారు మాత్రం అదే కారు, మంచూ అదే మంచు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడ మళ్లీ రిజిస్టరు చేయించుకోవాలి. లైఫ్ ట్యాక్సు రాష్ట్రానికో రకం. అక్కడొక శాతం, ఇక్కడొక శాతం. ఢిల్లీలో చలికాలం గాలి మరీ చెడితే పాత బళ్లని కొన్నాళ్లు రోడ్డెక్కనివ్వరు. పన్నుకి నియమం ఉంది, అక్షరాలకి నియమం ఉంది, పొగకి నియమం ఉంది. వెనక అద్దంలోంచి రోడ్డు కనిపించాలనే నియమం మాత్రం ఏ రాష్ట్రం వారికీ తోచలేదు!

మన పిల్లలు పోయిన దేశాల్లో ఎలా ఉందో చూడండి. మొయినాబాద్ మండలంలోనే ఉంది చిలుకూరు. వీసా బాలాజీ గుడి అంటే అమెరికాలో సగం తెలుగువాళ్లకి తెలుసు. కోరిక చెప్పుకుంటూ 11 ప్రదక్షిణలు, తీరాక 108. ఆ 108 అయ్యాక పిల్ల విమానం ఎక్కుతుంది. అక్కడ మొదటి చలికాలం రాగానే కారు కొనాలంటుంది. మనం ఇక్కణ్ణించి ఫోన్లో, "డబ్బు చూసుకోకమ్మా, పెద్ద బండి కొనుక్కో" అంటాం. ఎంత ప్రేమగా చెప్పినా ఆ సలహా చాలదు. నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి మంచులోంచి కదలడానికి సాయపడుతుంది. ఆగడానికి పనికొచ్చేది టైరు పట్టే.

ఆ సంగతి అక్కడి చట్టాలకి తెలుసు. కెనడాలో క్యూబెక్ వాళ్లయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు ఉండి తీరాలంటారు. పక్కనే ఉన్న అంటారియోలో ఆ నిర్బంధం లేదు గాని, ఆ టైర్లు వేసుకుంటే బీమా కంపెనీ ప్రీమియం తగ్గించాలని 2016 నుంచి నియమం. బ్రిటిష్ కొలంబియాలో కొండదారుల్లో అక్టోబరు 1 నుంచే లెక్క. మన తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే న్యూజెర్సీలో కారు పైకప్పు మీద పేరుకున్న మంచు తుడవకుండా రోడ్డెక్కితే జరిమానా. నియమాలు అక్కడా ఊరికో రకమే. కాని ఆ తేడా వాతావరణాన్ని బట్టి వచ్చింది. మన దగ్గర తేడా ఖజానాని బట్టి వచ్చింది. నాకు మండేది అక్కడే.

అలాగని క్యూబెక్ టైర్లు చేవెళ్లకి తెచ్చుకోమనడం లేదు. ఏడు డిగ్రీల కింద పనికొచ్చే ఆ రబ్బరు మన ఎండకి ఇట్టే అరిగిపోతుంది. ఏ నేలకి ఏది కావాలో అది అడగమంటున్నాను.

"ఏడాదికి పట్టుమని పాతిక పొద్దులు మంచు పడుతుంది. దానికింత రాద్ధాంతమా?" అనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకి టెక్సాస్ సంగతి చెబుతాను. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఎండల దేశం. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్ వర్త్ దగ్గర రోడ్డు మీద సన్నటి మంచుపొర కట్టి, వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. చలికి అలవాటు లేని చోటే చలి ఎక్కువ నష్టం చేస్తుంది. అక్కడెవరూ దానికి సిద్ధంగా ఉండరు గనక. అరుదుగా వచ్చే కష్టానికే గదా ఏడాదంతా బీమా కడుతున్నాం!

"జాగ్రత్తగా నడిపితే చాలు" అంటారు ఇంకొందరు. నడపండి, వద్దన్నదెవరు? కాని కనిపించని దాన్ని ఎంత జాగ్రత్తపరుడైనా ఏం చూస్తాడు?

అందుకని మనం షోరూముకి వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చోకూడదు. వెనక అద్దానికి డిఫాగరూ వైపరూ ఉన్నాయా అని మొదట అడగాలి. పొగమంచు దీపాలు కింది భాగాన ఉన్నాయా, కొసరుగా బిగించిస్తారా అని అడగాలి. మంచులో హైబీం వేస్తే వెలుగు తిరిగి మన కళ్లలోకే కొడుతుందని, లోబీమే వాడాలని నడిపేవాళ్లకి చెప్పాలి. ఉన్న కారయితే టైరు గాడుల్లో చిన్న బుడిపెలు చూడండి. టైరు వాటి మట్టానికి అరిగిందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి దిగిందని, మార్చవలసిందేనని అర్థం. వెనక సీట్లో బెల్టులు సీటు సందుల్లో దూరిపోయి ఉంటే పైకి లాగండి. వెనక కూర్చున్నవాళ్లూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టమే. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. పిల్లని ఒళ్లో పట్టుకుంటే చాలనుకోకండి. బండి ఒక్కసారి ఆగితే తల్లి చేతుల బలం చాలదు.

అడిగితే ఏమవుతుందని నిరుత్సాహపడకండి. ఏబీఎస్ బ్రేకులు ఒకప్పుడు ఖరీదైన కార్లకే ఉండేవి, 2019 నుంచి కార్లన్నిటికీ వచ్చాయి. ముందు సీట్ల రెండు ఎయిర్‌బ్యాగులు 2022 నుంచి తప్పనిసరి అయ్యాయి. అప్పుడూ "ధర పెరిగిపోతుంది" అనే గోల పెట్టారు. కార్ల అమ్మకాలు ఆగాయా? డిఫాగరు కూడా అలాగే కింది మోడల్ దాకా దిగాలి. కంపెనీలు తమంతట తాము దించకపోతే ప్రభుత్వం దించాలి. పన్ను శాతాల్లో పోటీపడే రాష్ట్రాలు కనీసం ఆ సామాను ఉన్న కారుకి పన్ను కాస్త తగ్గించి చూడొచ్చు.

ఇక రంగు చెప్పమంటారా, చెబుతాను. బూడిద రంగూ వెండి రంగూ వద్దు, మంచులో కలిసిపోతాయి. తెలుపూ అంతే. దూరాన్నుంచే కళ్లకి కొట్టే ఎరుపు ఇవ్వండి, లేకపోతే పసుపు. చూశారా, రంగు ఒక్కటే అడిగినా ఆడది పనికొచ్చే జవాబే చెబుతుంది. మిగతావి కూడా అడిగి చూడమనండి!