అవగాహన లేక కాదు

“అన్నిటికీ మూలం ప్రజల్లో అవగాహన లేకపోవడమే.” శాంతి, సమానత్వం, సామరస్యం పేరిట ఏడాది పొడుగునా జరిగే సభల్లో మైకు అందుకున్న ప్రతివారూ ఈ మాటతోనే మొదలుపెడుతున్నారు. ఫిబ్రవరి మొదటి వారం సర్వమత సామరస్య వారం. జోర్డాన్ రాజు ప్రతిపాదిస్తే 2010లో ఐక్యరాజ్యసమితి దానికి ముద్ర వేసింది. మార్చి 21 నుంచి జాతివివక్షపై పోరాడే ప్రజలకు సంఘీభావం తెలిపే వారం. నవంబర్ 19 నుంచి 25 దాకా మన దేశపు కౌమీ ఏక్తా వారం. ఇవి చాలవన్నట్టు ప్రతి నెలా 30వ తేదీన ఊళ్లలో పౌర హక్కుల దినం. బడి పిల్లలు ర్యాలీగా చౌరస్తా దాకా నడుస్తారు, చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తారు, ఫొటో దిగుతారు, మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. దీన్నంతటినీ నిలబెట్టేది పైన చెప్పిన ఆ ఒక్క నమ్మకమే: మనుషులు తెలియక వివక్ష చూపుతారు, తెలియజెప్తే మానేస్తారు. ఆ నమ్మకం తప్పు. మా నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్, ఆర్మూర్, బాల్కొండ ప్రాంతంలోనైతే అది తప్పుతో ఆగదు, బాధితుడికి ద్రోహం చేస్తుంది.

ఈ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీ అంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. వీడీసీ అని అందరూ అనే ఆ కమిటీ ఏ చట్టంలోనూ లేదు, కానీ ఊరు దాని మాట మీదే నడుస్తుంది. బెల్టు షాపును వేలం వేస్తుంది. చికెన్ దుకాణం ఎవరు పెట్టాలో చెప్తుంది. కల్లు అమ్ముకునే గౌడ కుటుంబాలు ఏటా ఇంత కట్టాలంటుంది. ఏకగ్రీవం పేరుతో సర్పంచ్ పదవికే పాట పెట్టిన ఊళ్లున్నాయి. కాదన్నవాడికి పడే శిక్ష పేరు బహిష్కరణ. సాయంత్రం డప్పుతో చాటింపు వేయిస్తారు: ఫలానా ఇంటోళ్లతో మాట బంద్, మాట్లాడినోళ్లకు ఇంత దండుగ. మర్నాడు పొద్దున కిరాణం దుకాణంలో ఉప్పు ప్యాకెట్ అడిగితే దుకాణదారు తల తిప్పుకుంటాడు. చేయి ఎత్తినా ఆటో ఆగదు. పసుపు తవ్వాల్సిన రోజుల్లో కూలీలు రారు, ట్రాక్టర్ రాదు, ఉడకబెట్టే కడాయి కిరాయికి దొరకదు. కొమ్ము భూమిలోనే ఉండిపోతుంది, ఏడాది కష్టం కళ్ల ముందే పాడైపోతుంది. ఇంట్లో చావు జరిగితే మోయడానికి నలుగురు కలవరు. ఎవరూ కొట్టరు, తిట్టరు. ఒంటి మీద దెబ్బ కనిపించదు కాబట్టి పోలీస్ స్టేషన్‌లో చూపించడానికీ ఏమీ ఉండదు. పైకి చూస్తే ఊరంతా ప్రశాంతంగా ఉంటుంది. శాంతి వారోత్సవం జరుపుకోవడానికి ఏ అభ్యంతరమూ కనిపించనంత ప్రశాంతంగా ఉంటుంది!

ఇదంతా తెలియనివాళ్లు చేస్తున్నారా? ఆర్మూర్ డివిజన్ అంటే ఎర్రజొన్న విత్తనాల గడ్డ. పసుపు ధర ఎక్కడ ఎంత పలుకుతుందో ఇక్కడి రైతు ఫోన్లో చూసి చెప్తాడు. ప్రతి ఊరి నుంచీ గల్ఫ్‌కు పోయి, అక్కడ పాస్‌పోర్టు గుంజుకున్న యజమానులను, వివక్షను కళ్లారా చూసి వచ్చినవాళ్లున్నారు. 2019 లోక్‌సభ ఎన్నికలను తీసుకుందాం. పసుపు బోర్డు కావాలని, ఎర్రజొన్నకు, పసుపుకు గిట్టుబాటు ధర కావాలని 178 మంది రైతులు నిజామాబాద్‌లో నామినేషన్ వేసి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఎన్నికల సంఘం కొత్త రకం యంత్రాలు తెప్పించి, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. దేశమంతా ఇటు చూసింది. చివరికి 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. ప్రజాస్వామ్యంలో ఏ మీట నొక్కితే ఏది కదులుతుందో ఇంత బాగా తెలిసిన జనం దేశంలో ఎంతమంది ఉంటారు? అలాంటి గడ్డ మీద నిలబడి “మీకు రాజ్యాంగం మీద అవగాహన లేదు” అనడం ఆ రైతులను అవమానించడమే. బహిష్కరించేవాడికి పూర్తి అవగాహన ఉంది. తీర్మానం కాగితం మీద రాయకూడదని తెలుసు. చాటింపులో కులం పేరు ఎత్తకూడదని తెలుసు. ఎస్సీలైతే కేసు బలంగా పడుతుందని, బీసీలైతే పడదని తెలుసు. కమిటీకి తెలిసినంత చట్టం ర్యాలీ ముందు నడిచే అధికారికి తెలిస్తే చాలు!

మరి ఈ వారోత్సవాలు, దినాలు దేనికి? పుట్టినప్పుడు వాటికి ప్రయోజనం ఉంది, అది మరిచిపోలేం. 1960 మార్చి 21న దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో, నల్లవారు ఎక్కడికి పోయినా పాసు చూపాలన్న చట్టాన్ని ఎదిరించిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 69 మంది చనిపోయారు. ఆ రక్తంలోంచి వచ్చిందే ఆ తేదీ. మహిళా దినోత్సవమైన మార్చి 8 వెనుక కార్మిక స్త్రీల సమ్మెలున్నాయి. 1917లో పెట్రోగ్రాడ్ నేత మిల్లుల స్త్రీలు ఆ రోజున రొట్టె కోసం వీధిలోకి వస్తే జారు సింహాసనం కూలింది. ఆ తేదీల్లో ఎవరు ఎవరిని ఎదిరించారో స్పష్టంగా ఉంది, ఒక చట్టం పోవాలనో ఒక హక్కు రావాలనో పట్టుదల ఉంది. ఇప్పుడు మన వేదికల మీద ఎదిరించాల్సినవాడి పేరు ఉండదు. “అందరం మారాలి” అంటారు. అందరూ మారాలంటే ఏ ఒక్కడూ జవాబు చెప్పనక్కర్లేదు. వెలివేసినవాడు, వెలికి గురైనవాడు, ఫిర్యాదు తీసుకోకుండా “ఊళ్లోనే మాట్లాడుకోండి” అని పంపినవాడు, ముగ్గురూ ఒకే ప్రతిజ్ఞ చదువుతారు. బీడీలు చుట్టి వేళ్లు అరిగిన ఆడవాళ్లకు వెయ్యి బీడీల కూలీ ఎంతన్న ప్రశ్న మహిళా దినోత్సవ వేదిక మీద ఎంత అరుదుగా వస్తుందో, బహిష్కరణ అన్న మాట సమానత్వ వేదిక మీద అంతే అరుదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే: వీడీసీ పెద్దలు ఆ వేదిక మీదే కుర్చీల్లో కూర్చుంటారు, శాలువా కప్పించుకుంటారు. అధికారి వాళ్ల పక్కన కూర్చున్న ఫొటో రేపు బాధితుడి నోరు మూయించే సాక్ష్యమవుతుంది. ఇక వాడు ఎవరి దగ్గరికి పోవాలి?

బహిష్కరణ నేరమని చెప్పడానికి కొత్త ఆలోచన కూడా అక్కర్లేదు. అంబేద్కర్ 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి పోయినప్పుడే సాంఘిక బహిష్కరణను శిక్షార్హం చేయాలని అడిగారు. బర్మాలో 1922లోనే వచ్చిన బహిష్కరణ వ్యతిరేక చట్టాన్ని నమూనాగా చూపారు. కొట్టడం, తిట్టడం కన్నా ఇది భయంకరమైన ఆయుధమని ఆయన గుర్తించారు, ఎందుకంటే దళితుడి బతుకంతా ఊరి వ్యవసాయం మీదే ఆధారపడి ఉంది. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టంలోకి 2015 సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ నేరంగా చేరింది. మంచిదే. కానీ గౌడలను వెలివేస్తే, రజకులను వెలివేస్తే, కమిటీకి ఎదురు తిరిగిన ఒంటరి రైతును వెలివేస్తే ఆ చట్టం వర్తించదు. బెదిరింపు, బలవంతపు వసూలు లాంటి మామూలు సెక్షన్ల కింద కేసు నడపాలి. మాట్లాడకపోవడాన్ని ఏ సెక్షన్ కింద నిరూపిస్తారు? మహారాష్ట్ర ఈ చిక్కును గుర్తించింది. కుల పంచాయితీల ఆగడాల మీద అక్కడి కార్యకర్తలు ఏళ్ల తరబడి పోరాడితే 2016లో ప్రత్యేక చట్టం చేసింది, 2017 జూలైలో అమల్లోకి తెచ్చింది. సాంఘిక బహిష్కరణకు మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మన జిల్లాలోనే బోధన్ దాటి సాలూర దగ్గర మంజీరా వంతెన ఎక్కితే అవతల ఒడ్డు మహారాష్ట్రే. ఒకే నది, అటు నేరం, ఇటు ఊరి కట్టుబాటు.

కమిటీలు మంచి కూడా చేశాయి కదా అంటారు. గుళ్లు, బడి గదులు, సంఘ భవనాలు కట్టించిన మాట నిజమే. వసూలు చేసే డబ్బుకు లెక్క చూపి, వెలివేత మానుకున్న కమిటీతో ఎవరికీ గొడవ లేదు. ఏమీ చేయకపోవడం కన్నా వారోత్సవం నయం కదా అని ఇంకొందరు. నయం కాదు. ఏదీ చేయని అధికారికి చేయలేదన్న జంకైనా ఉంటుంది. వారోత్సవం జరిపిన అధికారి దగ్గర నివేదిక ఉంటుంది. పిల్లలు నేర్చుకుంటారు కదా అంటారా? పిల్లలు చూసి నేర్చుకుంటారు. పొద్దున సమానత్వ ప్రతిజ్ఞ చేయించి, సాయంత్రం పక్కింటి పిల్లతో ఆడుకోవద్దని చెప్తే, ఆ పిల్లవాడికి అబ్బేది వేదిక మీద ఒక మాట, వాకిట్లో ఒక మాట చెప్పే విద్య.

వేదికల మీద పుట్టని సామరస్యం ఎక్కడ పుడుతుందో బోధన్‌కు తెలుసు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవాళ్లు ఒకే సైరన్‌కు లేచి, ఒకే షిఫ్టులో చెమటోడ్చి, ఒకే తేదీన జీతం తీసుకున్నారు. 2002లో దాన్ని ప్రైవేటుకు అప్పజెప్పారు. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ ప్రకటించి గేటుకు తాళం వేశారు. చెరకు బండ్లు ఆగిపోయాయి. 2022 మార్చిలో అదే బోధన్‌లో ఒక విగ్రహం మీద గొడవ రేగి 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ ఉంటే గొడవ జరిగేదే కాదని నేను అనను. కానీ కలిసి పనిచేసే చోటును మూసేసి, కలిసి ఉండండని బ్యానర్ కట్టడం ఏం సామరస్యం?

చేయాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. మహారాష్ట్ర లాంటి చట్టం తెలంగాణకు కావాలి, దానికి ఈ జిల్లా శాసనసభ్యులే ముందు నోరు విప్పాలి. అది వచ్చేలోగా, ఎస్సీ, ఎస్టీల విషయంలో ఇప్పటికే ఉన్న చట్టాన్ని అడ్డు చెప్పకుండా అమలు చేయాలి. వారోత్సవం ఎలాగూ జరుపుతామంటే, నవంబర్ 19న వేదిక ఎక్కే తహసీల్దార్, ఎస్సైలకు ఒక్క విన్నపం. ఆ రోజు ప్రతిజ్ఞ చదివించకండి. ఆ ఏడాది మీ మండలంలో ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలను వెలివేశారో, ఎన్ని ఫిర్యాదులు అందాయో, ఎన్నింటి మీద కేసు కట్టారో మైకులో చదవండి. చదవడానికి మీ దగ్గర కాగితం లేకపోతే వేదిక దిగి ఆ ఊరికి వెళ్లండి. పసుపు ఇంకా భూమిలోనే ఉంటుంది.