అక్కడ పుండా? సిగ్గుపడితే నష్టమే!

ముఖం మీద మొటిమ లేస్తే పదిమందినీ సలహా అడుగుతాం. అదే పురుషాంగం మీద పుండు లేస్తే నోరు విప్పం. మెడికల్ షాపుకెళ్లి ‘దురదకి ఏదైనా క్రీమ్ ఇవ్వన్నా’ అని గొణిగి, ట్యూబు జేబులో దాచుకుని వచ్చేస్తాం. అది అయిపోతే ఇంకోటి. ఇలా నెలలు గడిచిపోతాయి. ఒకవేళ అది క్యాన్సర్ పుండే అయితే, ఆ నెలల్లోనే ముదిరిపోతుంది.

పురుషాంగ క్యాన్సర్ అరుదైనదే. ఎక్కువగా 50 దాటినవాళ్లలో కనిపిస్తుంది. అలాగని కుర్రాళ్లకు అస్సలు రాదనుకోవద్దు. సాధారణంగా అంగం కొసన గానీ, ముందరి తోలు లోపలివైపు గానీ మొదలవుతుంది. మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. అందుకే పట్టించుకోరు.

ఈ లక్షణాలు గమనించండి:

• 4 వారాలైనా మానని పుండు
• గడ్డ, లేదా పులిపిరిలా పెరుగుతున్న కండ
• పోని ఎర్ర మచ్చ, చర్మం మందంగా అవడం, రంగు మారడం
• తోలు కింద నుంచి రక్తం, దుర్వాసనతో రసి
• ఇదివరకు వెనక్కి వెళ్లే తోలు ఇప్పుడు బిగుసుకుపోవడం
• గజ్జల్లో బిళ్లలు కట్టడం

వీటిలో ఏదో ఒకటి కనిపించగానే హడలిపోకండి. ఇన్ఫెక్షన్ల వల్ల కూడా పుండ్లు, మచ్చలు వస్తాయి. అంగం కొస చుట్టూ వరసగా ఉండే సన్నటి తెల్లని బొడిపెలైతే చాలామందికి మామూలే. ఏది ఏమిటో తేల్చాల్సింది డాక్టరు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

హెచ్‌పీవీ వైరస్, సిగరెట్, బిగుతైన ముందరి తోలు, దాని కింద శుభ్రం లేకపోవడం... ఇవన్నీ ముప్పు పెంచేవే. రోజూ స్నానంలో తోలు వెనక్కి జరిపి నీళ్లతో కడుక్కోండి. రానప్పుడు బలవంతంగా లాగొద్దు. హెచ్‌పీవీ టీకా మగపిల్లలూ వేయించుకోవచ్చు.

తొలిదశలో దొరికితే క్రీమ్, లేజర్, చిన్న ఆపరేషన్‌తోనే అంగాన్ని కాపాడే వీలుంది. ముదిరితే కొంత భాగం, ఒక్కోసారి మొత్తం తీసేయాల్సి వస్తుంది.

కాబట్టి పుండు కనిపించిన రోజే ఫోన్‌లో తేదీ రాసుకోండి. 4 వారాల్లో మానకపోతే యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. రక్తం వస్తున్నా, గడ్డ పెరుగుతున్నా అంతవరకూ ఆగొద్దు. ‘అక్కడ పుండు మానట్లేదు, ఒకసారి చూడండి డాక్టర్’ అంటే చాలు. ఆయనకిది రోజూ చూసే పనే.