ముందు గోడ ఆరనివ్వండి

ధనుర్మాసం మొదలైందంటే తెనాలిలో పెయింటింగ్ మేస్త్రీ దొరకడం గగనం. మారీసుపేటకి వెళ్లినా చెంచుపేటకి వెళ్లినా సరుగుడు కర్రల పరంజాలే కనిపిస్తాయి. పెద్దపండగకి కూతురూ అల్లుడూ వచ్చేలోగా ఇల్లు తళతళలాడాలి మరి. బాపట్లలో, రేపల్లెలో కూడా ఇదే హడావుడి. చిక్కేమిటంటే, ఈ ప్రాంతంలో బయటి గోడలకి రంగు వేయడానికి అది అదను కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాటికి తోడు తుపాన్లు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అలా నానిన గోడ పండగనాటికి పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం చెమ్మ అలాగే ఉంటుంది. పైగా రాత్రిపూట మంచు. దానిమీద ఎమల్షన్ పూసేస్తే నీరు లోపల చిక్కుకుంటుంది. ఎండలు ముదిరాక అది బయటికి తోసుకొస్తుంటే రంగు బుడగలు కట్టి పెచ్చులుగా లేస్తుంది. నింద కంపెనీకో మేస్త్రీకో పోతుంది.

ఇంటివాళ్ల ధ్యాసంతా డబ్బా మీదే. అపెక్సా, వెదర్‌కోటా, వెదర్‌షీల్డా అని షాపులో గంటసేపు తర్జనభర్జన పడతారు. షేడ్ కార్డు ఇంటిల్లిపాదీ చేతులు మారుతుంది. గోడ గీకడానికి ఎన్ని రోజులు పడుతుంది, దానికి కూలి ఎంత అని అడిగేవాళ్లు మాత్రం బహు తక్కువ. ఈ మూడు ఊళ్లలో రంగు నిలవడమో ఊడడమో తేలేది అక్కడే.

ముఖ్యంగా ఉప్పు దగ్గర. బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. గాలి మోసుకొచ్చే ఉప్పు కంటికి కనపడదు గానీ, అది చేసే పని కిటికీ గ్రిల్లుల మీద కనపడుతుంది. వెల్డింగ్ అతుకుల దగ్గర ముందు గోధుమరంగు మరక, ఆ తర్వాత రంగు కింద పొక్కు, చివరికి పొరలుపొరలుగా తుప్పు. ఉప్పు పేరుకున్న ఇనుము మీద రెడ్ ఆక్సైడ్ కొట్టి ఎనామిల్ వేసినా అడుగున తుప్పు ఆగదు, ఎందుకంటే ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. వైర్ బ్రష్షుతో రుద్దాక మంచినీళ్లతో కడగాలి. ఆరిన వెంటనే, మళ్లీ ఉప్పుగాలి తగిలేలోగా, ఆ పూటే ప్రైమర్ పడాలి. చాలామంది కడగడమే వదిలేస్తారు.

రేపల్లె, నిజాంపట్నం వైపు చాలాచోట్ల ఉప్పు భూగర్భజలంలోనే ఉంది. ఆ బోరు నీళ్లతో సిమెంటు కలిపి, ఆ నీళ్లతోనే తడిపిన గోడలో ఉప్పు కాపురం పెడుతుంది. పునాదిలోంచి చెమ్మ పాకినప్పుడల్లా అది కరిగి గోడ పైపొరకు వస్తుంది. నీరు ఆవిరయ్యాక స్ఫటికాలుగా గట్టిపడి రంగును నెట్టేస్తుంది. నేల నుంచి రెండుమూడు అడుగుల ఎత్తు దాకా వేలికి అంటే తెల్లపొడి అదే. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ కరిగి లోపలికే పోతుంది కాబట్టి పొడి బ్రష్షుతోనే దులపాలి. ఉబ్బిన ప్లాస్టరింగ్‌ని చెక్కేసి, మంచినీళ్లతో మళ్లీ చేయించి, కనీసం నాలుగు వారాలు వదిలేయాలి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని కొత్త గోడకి పదో రోజునే రంగు కొట్టిస్తే సిమెంటులోని క్షారం ఆ రంగును తినేస్తుంది. గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. అడుగు చదరం ప్లాస్టిక్ కవరును నాలుగు అంచులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు ఉంచితే చాలు. లోపలివైపు నీటి బొట్లు కడితే మేస్త్రీని వెనక్కి పంపాల్సిందే.

తెనాలి బాధ వేరు. అక్కడి నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, ప్రహరీ గోడని కూడా తనతో కదిలిస్తుంది. వెంట్రుకవాసి బీటలకైతే సాగే గుణమున్న ఎలాస్టోమెరిక్ పూత పనికొస్తుంది. రూపాయి బిళ్ల దూరే బీటకి ఏ పూతా చాలదు, అది తాపీ మేస్త్రీ చేయాల్సిన పని. బయటి గోడకి లప్పం పెట్టేటప్పుడు కూడా వైట్ సిమెంటు పుట్టీయే వాడాలి. లోపలి గదుల కోసం చేసిన రకం వానకి నిలవదు.

పాత సున్నపు గోడల ఇళ్లు ఈ ఊళ్లలో ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిమీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేయించడం డబ్బు పోసి చెమ్మను కొనుక్కోవడమే. సున్నపు గోడ తనలోని తేమను బయటికి వదులుతుంది, ప్లాస్టిక్ పొర దానికి అడ్డం పడుతుంది. సున్నంలో కాస్త నీలిమందు కలిపి ఏటేటా వెల్ల వేయించిన పాతకాలంవాళ్లు ఖర్చుకి వెనకాడి ఆ పని చేయలేదు, ఆ గోడకి అదే తగిన పూత.

ఇక ముందు గోడకి టెక్స్చర్ మోజు. గరుకు గోడ మీద దుమ్ము నిలుస్తుంది, దుమ్ములో తేమ నిలుస్తుంది, తేమ ఉన్నచోట పాకుడు పడుతుంది. చూరు నీడలేని గోడకి నున్నటి పూతే మేలు, వాన దాన్ని కడిగేస్తుంది. రంగుల్లో కూడా ఇనుప ఆక్సైడుతో వచ్చే జేగురు, మట్టిపసుపు ఎండకి తట్టుకున్నంతగా, కొట్టొచ్చినట్టుండే ఎరుపులూ నిమ్మపసుపులూ సాధారణంగా తట్టుకోవు. గోడ రంగు మన రాష్ట్రంలో కోర్టుకి కూడా ఎక్కింది. గుంటూరు జిల్లా పల్లపాడు పంచాయతీ కార్యాలయానికి పార్టీ రంగులు వేశారన్న వ్యాజ్యం మీద 2020 మార్చిలో హైకోర్టు పంచాయతీ భవనాల మీది పార్టీ రంగులు తీసేయమంది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. మళ్లీ రంగులేయడానికి ప్రభుత్వానికైతే ఖజానా ఉంది, మామూలు ఇంటాయనకి లేదు.

టేకు తలుపుల సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. లక్కతో చేసే పాలిష్ నీళ్లు తగిలితే తెల్లబడుతుంది, అది హాల్లో బీరువాకే సరి. స్టెయిన్ కర్రకి రంగునిస్తుందే గానీ, ఒక్కటే ఎండనీ వాననీ ఆపలేదు. వీధి తలుపుకి, స్టెయిన్ పైన, బయటి వాడకానికి అని డబ్బా మీద రాసి ఉన్న పాలీయురెథేన్ పూతే వేయించాలి.

మేస్త్రీని కుదుర్చుకునేటప్పుడు పోయిన నెల పూర్తిచేసిన ఇల్లు చూసి ప్రయోజనం లేదు, అన్ని ఇళ్లూ మొదటి నెల బాగానే ఉంటాయి. రెండు వానాకాలాలు దాటిన ఇల్లు చూపించమనాలి. ఆ గోడని అరచేత్తో రుద్ది చూడాలి, పిండి అంటిందంటే రంగులో నీళ్లు ఎక్కువైనట్టో, చవకరకం వాడినట్టో. లెక్క కూడా ఇంటాయన చేతిలో ఉండాలి. మంచి ఎమల్షన్ లీటరుకి రెండు కోట్లు కలిపి సుమారు 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది. 1,200 అడుగుల గోడకి 20 నుంచి 24 లీటర్లు. పన్నెండు లీటర్లతో పని అయిపోయిందంటే మిగతా పని ఎవరు చేశారో కుళాయినే అడగాలి. ఇంకో సంగతి, డబ్బాల్లో కంపెనీలు పెయింటర్ల కోసం టోకెన్లు పెడతాయి, ఇప్పుడవి ఫోన్‌లో స్కాన్ చేసే కోడ్‌లయ్యాయి. అందులో తప్పు లేదు. కానీ ‘ఈ కంపెనీదే తెండి సార్’ అన్న సలహా విన్నప్పుడు ఆ టోకెను కూడా గుర్తుండాలి.

అసలు లోపం అడుగు లెక్కలో ఉంది. అడుగుకి ఇంత అని గుత్తకి ఒప్పుకున్న మేస్త్రీకి గీకుడు మీద పోయే ప్రతి గంటా నష్టమే. అతను తొందరపడితే తప్పు అతనిది కాదు, బేరానిది. గీకడం, కడగడం, బీటలు పూడ్చడం, ప్రైమర్ దాకా రోజు కూలికి ఇచ్చి, కోట్లు మాత్రం అడుగు లెక్కన మాట్లాడుకోవడం న్యాయం. ఖర్చు కొంత పెరుగుతుంది. ఐదారేళ్లు నిలవాల్సిన రంగు రెండేళ్లకే ఊడితే అయ్యే ఖర్చు ముందు అది లెక్కలోకి రాదు. ఏడేళ్లు, పదేళ్లు అని కంపెనీలిచ్చే వారంటీ కాగితాలు కూడా చదవాలి. గోడలోంచి వచ్చే చెమ్మకి అవి సాధారణంగా పూచీపడవు.

ఆ ఒప్పందంలోనే మనిషి ప్రాణం సంగతి కూడా ఉండాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకుముందు వేసిన ఎనామిల్‌ని గీకేవాళ్లకి మాస్కు ఇవ్వాలి, గీకేచోట తడిపించాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. పెయింటర్లు భవన నిర్మాణ కార్మికుల కిందికే వస్తారు. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్లు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. మీ మేస్త్రీకి ఆ కార్డు ఉందో లేదో అడగండి. లేకపోతే దరఖాస్తు పెట్టించండి. రెండో అంతస్తు పరంజా ఎక్కే మనిషికి బెల్టూ తాడూ ఎవరు కొనాలో, రంగు పేరు రాయకముందే కాగితం మీద రాయండి.