గబ్బిలపు వీరుడు

పిల్లలూ, బాట్‌మన్ సంగతి మీరెరుగుదురు గదా? 1997లో వచ్చిన "బాట్‌మన్ అండ్ రాబిన్" చిత్రంలో రంగులూ, వేళాకోళమూ తప్ప కథ కనిపించదు. ఆ వరుస అక్కడితో ఆగిపోయింది.

2005లో క్రిస్టఫర్ నోలన్ కథను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని "బాట్‌మన్ బిగిన్స్" తీశాడు. ఇందులో బ్రూస్ చిన్నతనంలో బావిలో పడి, గబ్బిలాల గుంపును చూసి హడలిపోతాడు. పెద్దవాడై, తనను భయపెట్టిన ఆ రూపాన్నే ధరిస్తాడు. నాకీ చిత్రం నచ్చింది అందుకే.

అతని వీపున వేలాడే గుడ్డ, విద్యుత్తు పారగానే రెక్కలా బిగుసుకుంటుంది. దానితో గాలిలో తేలిపోతాడు. నిజంగా సాధ్యమా? ఇంగ్లండులోని లీస్టర్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లెక్క కట్టారు. 150 మీటర్ల మేడపైనుంచి దూకితే 350 మీటర్లు తేలగలడట! కాని నేలను తాకేసరికి వేగం గంటకు 80 కిలోమీటర్లు, బతకడు. (దుప్పటితో మీరు ప్రయత్నించకండేం!) గుడ్డ ఇంకా పెద్దదిగా ఉండాలని వాళ్ళు తేల్చారు.