పచ్చ లైటును నమ్మకండి: రూముకు ఒక్క చార్జర్ చాలు, అది మంచిదై ఉండాలి



ఈసారి జీతాల గురించో, కాగితాల గురించో కాదు, పెన్సిల్ సెల్స్ చార్జర్ గురించి రాస్తున్నా. "ఇది కూడా ఒక విషయమేనా" అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి. పోయిన ఎండాకాలం ఒక చవక చార్జర్ వల్ల మా ఇంట్లో తమ్ముడి ప్రాణం మీదికి వచ్చింది.

చాండ్లర్‌లో జులై ఎట్లా ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2023లో పక్కనే ఉన్న ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీలు, ఆపైన కొట్టింది. మన లెక్కలో 43 డిగ్రీలు దాటినట్టు. ఇక్కడ ఏసీ సోకు కాదు, అన్నం నీళ్ల లాంటిది.

మేం ఆరుగురం కలిసి ఒక ఇల్లు తీసుకుని ఉంటున్నాం. గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ చేసే తమ్ముడు పొద్దున వచ్చి, తిని, పగలంతా పడుకుంటాడు. ఆ రోజు మిగతా ఐదుగురం డ్యూటీల్లో ఉన్నాం. మధ్యాహ్నం గోడకున్న థర్మోస్టాట్‌లో సెల్స్ అయిపోయాయి. దాని స్క్రీన్ ఆరిపోయింది, ఏసీ ఆగిపోయింది. రాత్రంతా బరువులు మోసి వచ్చినవాడికి ఒళ్లు తెలియని నిద్ర. సాయంత్రం నేను తలుపు తీసేసరికి ఇల్లంతా కొలిమిలా ఉంది. తమ్ముడు లేచి నిలబడలేకపోయాడు, మాట తడబడింది. తడి తువ్వాలు చుట్టి, నీళ్లు తాగించి, కారులో ఏసీ వేసి కూర్చోబెడితే గాని తేరుకోలేదు. తర్వాత తెలిసింది, అట్లా మాట తడబడితే ఇంట్లో వైద్యం చేసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే 911కు ఫోన్ చేయాలి. మాకు అదృష్టం కలిసొచ్చింది, అంతే.

ఆ సెల్స్ వేసింది నేనే. వారం కింద చార్జర్‌లోంచి తీసి వేశా. పచ్చ లైటు వెలిగింది, నిండినయ్ అనుకున్నా. నావి రెండు తప్పులు. మొదటిది, థర్మోస్టాట్ పుస్తకంలో ఆల్కలైన్ సెల్స్ మాత్రమే వేయమని రాసుంది, నేను చూడలేదు. రెండోది, ఆ పచ్చ లైటును నమ్మడం. మొదటి తప్పు ఒక్క నిమిషంలో దిద్దుకోవచ్చు. రెండోదే మనలో చాలామంది ఇళ్లలో రోజూ జరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం.

చవక చార్జర్లలో చాలావాటికి సెల్ నిండిందో లేదో తెలియదు. లోపల ఉండేది ఒక టైమర్. ఇన్ని గంటలు అయ్యాక పచ్చ లైటు వేస్తుంది, అంతే. మన ఊళ్లో వాటర్ ట్యాంకర్ వచ్చినప్పుడు గుర్తు చేసుకోండి. ఒక బిందె ఖాళీ, ఒక బిందె సగం నిండి ఉంది. రెండింటికీ సరిగ్గా ఒక్కో నిమిషమే పైపు పెడతానంటే ఏమవుతుంది? సగం ఉన్నది పొర్లిపోతుంది, ఖాళీది వెలితిగా మిగులుతుంది. సెల్‌లో ఆ పొర్లింది నీళ్లు కాదు, వేడి. ఆ వేడికే సెల్ త్వరగా పాడవుతుంది. వెలితిగా మిగిలిందేమో మనకు అవసరమైన వేళ చేయిస్తుంది.

మంచి చార్జర్ ఒక్కో సెల్‌ను విడివిడిగా గమనిస్తుంది. మనం వాడే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నిండగానే దాని వోల్టేజ్ కొంచెం కిందికి జారుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. ఆ గుర్తును పట్టి చార్జింగ్ ఆపేస్తుంది. ఈ పని చేసేది లోపలున్న ఒక చిన్న చిప్. ఇంటెల్ పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నది మన చాండ్లర్‌లోనే. చిన్న చిన్న యంత్రాల్లో వాడే చిప్పులు చేసే మైక్రోచిప్ కంపెనీ ప్రధాన ఆఫీసు కూడా ఇక్కడే. చిప్పుల ఊళ్లో ఉంటూ మనం మాత్రం బుర్ర లేని చార్జర్ ఎందుకు కొనాలి?

కొనేటప్పుడు అట్ట మీద ఇవి చూడండి:

1. ఒక్కో గడికి ఒక్కో లైటు ఉండాలి. ఒక్క సెల్ పెట్టినా, మూడు పెట్టినా చార్జ్ అవ్వాలి. "రెండు గాని నాలుగు గాని పెట్టాలి" అని ఉంటే అది జంటగా చార్జ్ చేసేది, వద్దు.

2. "స్మార్ట్" అన్న మాట ఒక్కటే చాలదు. "నెగటివ్ డెల్టా వి" అనో, నిండగానే తనంతట తనే ఆగుతుందనో స్పష్టంగా రాసుండాలి.

3. మరీ స్పీడ్ వద్దు. డబుల్ ఏ సెల్‌కు 500 నుంచి 1000 మిల్లీఆంపియర్ల మధ్య ఇచ్చేది చాలు. 2000 ఎంఏహెచ్ సెల్ 500తో ఐదు గంటల్లోపే నిండుతుంది. డ్యూటీకి పోయి వచ్చేలోపు రెడీ. పదిహేను నిమిషాల్లో నింపుతాననే చార్జర్ సెల్స్‌ను కాలుస్తుంది. మన ఎండలకు అది అసలే పనికిరాదు.

4. యూఎల్ గాని, ఈటీఎల్ గాని ముద్ర ఉండాలి. అంటే బయటి ల్యాబ్ భద్రత పరీక్ష చేసిందని అర్థం. పేరూ ఊరూ లేని చార్జర్ ఎంత చవకైనా ఇంట్లో పెట్టొద్దు.

5. ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటే ఇండియాకు తీసుకుపోయినా పనిచేస్తుంది. ఇక్కడి కరెంటు 120, మన ఇంటి దగ్గర 230. 120 అని మాత్రమే రాసున్నదాన్ని అక్కడ పెడితే కాలిపోతుంది. ప్లగ్గుకు తగిలించే అడాప్టర్ ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజ్‌ను మార్చదు.

సెల్స్ విషయంలో ఒక్క మాట. అట్ట మీద "ప్రీ చార్జ్డ్" లేదా "రెడీ టు యూజ్" అని ఉన్నవి తీసుకోండి. పాత రకం సెల్స్ వాడకుండా ఉంచినా కొన్ని వారాల్లోనే చాలావరకు దిగిపోయేవి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ తెచ్చాక ఆ బాధ తగ్గింది, ఇప్పుడు చాలా కంపెనీలు ఆ రకం చేస్తున్నాయి. డబుల్ ఏ మీద 3000 దాటి ఎంఏహెచ్ రాసుంటే అది అబద్ధం, పక్కన పెట్టేయండి.

ఇప్పుడు డబ్బు లెక్క. "డాలర్ స్టోర్‌లో సెల్స్ దొరుకుతుంటే ఇదంతా ఎందుకన్నా" అని అడిగారు మన గ్రూపులో. పనిలో తలకు కట్టుకునే లైటు తీసుకోండి. మూడు ట్రిపుల్ ఏ సెల్స్, వారానికోసారి మారుస్తాం అనుకుందాం. ఏడాదికి 150 సెల్స్ పైనే. ఒక్కోటి అర డాలర్ వేసుకున్నా 75 డాలర్లు దాటుతుంది. మంచి చార్జర్, నాలుగు సెల్స్ కలిపి నాకు 30 డాలర్ల లోపే అయింది. నాలుగు సెల్స్ ఒకసారి నింపడానికి అయ్యే కరెంటు ఒక్క సెంటు కూడా కాదు. మిగిలిన డబ్బు ఇంటికి పంపుకోవచ్చు.

ఇంకో మాట కూడా వింటుంటాను: "రేపో మాపో రూము మారతా, చార్జర్ నేనెందుకు కొనాలి?" అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఎవరికి వాళ్లు ఐదు డాలర్ల చార్జర్ కొంటారు. ఆరుగురికి ఆరు చార్జర్లు, అన్నీ గ్యారేజీలో ఒకే పవర్ స్ట్రిప్‌కు, పక్కన అట్టపెట్టెలు. ముప్పై డాలర్లు పోసి ఆరు పనికిరాని వస్తువులు కొనుక్కున్నట్టు. అదే డబ్బుతో ఒక్క మంచిది వచ్చేది. రైస్ కుక్కర్ కలిపి కొంటున్నాం కదా, చార్జర్ ఎందుకు కొనం? తలా ఐదు డాలర్లు వేయండి. సెల్స్ మీద ఎవరి గుర్తు వాళ్లు పెన్నుతో రాసుకోండి. రూము మారేవాళ్లు తమ సెల్స్ తీసుకుపోతారు, చార్జర్ ఇంట్లోనే ఉంటుంది. కొత్తగా వచ్చిన తమ్ముడికి మొదటి రోజే పనికొస్తుంది.

చార్జర్ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. ఎండాకాలం గ్యారేజీలో వద్దు, కారులో అసలే వద్దు. 40 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఈ సెల్స్ సరిగ్గా నిండవు, త్వరగా పాడవుతాయి. పరుపు మీద, సోఫాలో వద్దు. ఏసీ ఉన్న గదిలో, కిచెన్ గట్టు మీద గాలాడేలా పెట్టండి, పొయ్యికి, సింకుకు దూరంగా. సెల్ గోరువెచ్చగా ఉంటే మామూలే. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే ప్లగ్గు తీసేయండి.

అందులో ఏం పెట్టకూడదో కూడా గుర్తుంచుకోండి. ఆల్కలైన్ సెల్స్ చార్జ్ చేయొద్దు, కారతాయి. లిథియం సెల్స్ ఈ చార్జర్‌లో పెడితే మంట లేవొచ్చు. ఇప్పుడు 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్స్ కూడా వస్తున్నాయి, చూడటానికి అచ్చం మనవాటిలాగే ఉంటాయి. వాటికి వాటి సొంత చార్జింగ్ దారే. పెట్టేముందు సెల్ మీద రాసింది చదవండి. పొగ అలారంకు, థర్మోస్టాట్‌కు మాత్రం పుస్తకంలో ఏది చెప్తే అదే వేయండి. అక్కడ పొదుపు చేయబోతే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే, మా ఇంట్లో అయినట్టే.

పాడైన సెల్స్ చెత్తడబ్బాలో వేయొద్దు, రీసైక్లింగ్ డబ్బాలో కూడా వేయొద్దు. కొనలకు టేపు అంటించి హోమ్ డిపో, లోస్ షాపుల్లో ఉండే బ్యాటరీ డబ్బాలో వేయండి. పని సామాన్లకు ఎట్లాగూ పోతూనే ఉంటాం కదా.

ఈ ఆదివారం ఒక్క పని చేయమని అడుగుతున్నా. మీ చార్జర్‌లో అప్పుడే నిండిన సెల్‌ను తీసి మళ్లీ పెట్టండి. మంచి చార్జర్ అయితే పావుగంటలోనో అరగంటలోనో "ఇది నిండే ఉంది" అని ఆపేస్తుంది. గంట దాటినా ఎర్ర లైటు వెలుగుతూ, సెల్ కాలిపోతూ ఉంటే అది బుర్ర లేనిదే. వెంటనే తీసేయండి. ఆ సాయంత్రమే రూములో అందరూ కూర్చుని తలా ఐదు డాలర్ల మాట మాట్లాడుకోండి. ఏం తేలిందో గ్రూపులో రాయండి. మీ పాత రూమ్మేట్లు వేరే ఊళ్లలో ఉంటే వాళ్లకూ ఇది పంపండి.

ఆ తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. పగలు పడుకునే ముందు థర్మోస్టాట్ స్క్రీన్ ఒకసారి చూసి మరీ పడుకుంటున్నాడు. మీ ఇంట్లో కూడా పగలు పడుకునేవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల కోసమైనా ఒకసారి చూడండి.

మీ గ్రూపు సభ్యుడు, చాండ్లర్